కిలోకు పావు తరుగు

గద్వాల నేతగాళ్ళ వీధిలో జమ్ములమ్మ ఇల్లెక్కడని అడిగిన మనిషి సర్కారు ఉద్యోగిలా కనిపించాడంటే, జనం ముందు నవ్వుతారు, తరువాత దారి చూపిస్తారు. "జర పైలం సారూ" అని ఒక మాట కలుపుతారు కూడా. ఆమెకు యాభై దగ్గర పడింది. బక్కపలచని మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనదు. కానీ పగబట్టిందంటే పదకొండేళ్ళయినా వదలదని ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు.

పగ ఆడిటర్ వెంకటేశం మీద. దానికి కారణం పన్నెండు కిలోల పట్టు. అది ఎవరూ ఎత్తుకుపోని పట్టు.

జమ్ములమ్మ పుట్టిల్లు రాజోలి. పదిహేడో ఏట గద్వాల నాగప్పను కట్టుకుని వచ్చింది. నాగప్ప చేనేత సంఘంలో స్టోరు చూసేవాడు. నేతగాళ్ళకు పట్టు, జరీ, నూలు తూచి ఇవ్వడం, నేసిన చీరలు తీసుకోవడం అతని పని. తన సొంత మగ్గం మీద పోగు తెగితే సంఘం పోగుతో ముడి వేసుకోని మనిషి. ఒక్కటే లోపం, పెద్ద ఆఫీసరు ముందు నిలబడితే నోరు తడబడేది. ఆ లోపమే కొంప ముంచింది.

2013 దాకా సంఘం రంగు వేసిన పట్టునే బయట కొనేది. ఆ ఏడు మనకు కావలసిన రంగులు మనమే వేయించుకుందామని నలభై ఎనిమిది కిలోల తెల్ల పచ్చిపట్టు కొన్నారు. పచ్చిపట్టు మీద బంక ఉంటుంది. రంగు వేసే ముందు సబ్బునీళ్ళలో ఉడకబెడితే ఆ బంక కరిగిపోతుంది, పట్టు మెత్తబడి మెరుపు తేలుతుంది. బంకతో పాటు బరువూ పోతుంది, కిలోకు ఇంచుమించు పావుకిలో. నలభై ఎనిమిది కిలోలు రంగుల కొట్టుకు పోతే ముప్పై ఆరు తిరిగి వచ్చాయి. వీధిలో ఎవరినడిగినా చెప్పే లెక్క ఇది. అందరికీ తెలిసిన సంగతి కాబట్టే ఎవ్వరూ రాసిపెట్టలేదు. అన్నం వండితే నీళ్ళు ఇగిరిపోతాయని ఏ ఇంట్లో రాసుకుంటారు? రంగుల కొట్టు వాడు నోటిమాట మీద తీసుకున్నాడు, నోటిమాట మీదే తిరిగి ఇచ్చాడు. నేతగాళ్ళు చేసిన తప్పేదైనా ఉందంటే ఇదొక్కటే.

వెంకటేశం లంచగొండి కాదు. ఈ ముక్క మొదటే చెప్పాలి, లేకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది, మనం ఆయనలాంటి వాళ్ళం కాదు. వనపర్తి నుంచి బస్సులో వచ్చేవాడు. మంచినీళ్ళ సీసా, పెరుగన్నం డబ్బా ఇంటి నుంచే తెచ్చుకునేవాడు. సంఘంలో చాయ తాగితే డబ్బులు బల్ల మీద పెట్టేవాడు. తన చేతికి మురికి అంటలేదన్న నమ్మకం ఆయనకు ఎంత గట్టిదంటే, తన కంటికి పొర కమ్మిందేమోనన్న అనుమానం ఒక్కసారి కూడా రాలేదు.

ఆ ఏడు ఆయన గద్వాల బస్సు దిగేసరికే జేబులో ఒక ఆకాశరామన్న ఉత్తరం ఉంది. స్టోరు నాగప్ప పట్టు అమ్ముకుని ఇంటికి స్లాబు వేస్తున్నాడని అందులో ఉంది. సంఘానికి వచ్చే దారిలోనే నాగప్ప ఇల్లు. స్లాబు నిజమే, సర్కారు ఇచ్చిన ఇంటి బిల్లుతో వేసుకున్నది. వెంకటేశం ఆ స్లాబును తలెత్తి చూశాడు. అంతే, ఆడిట్ అక్కడే అయిపోయింది. మిగిలిన రెండు రోజులూ చేసింది దానికి సాక్ష్యాలు ఏరుకోవడమే.

"నలభై ఎనిమిది వచ్చింది, ముప్పై ఆరే మగ్గాలకు పోయింది. పన్నెండు ఏది?"

"ఉ... ఉడకబెడితే బంక పోతది సారూ. కిలోకు పావు తరుగొస్తది."

"ఎక్కడ రాసి ఉంది?"

"రాసేదేముంది సారూ, అందరికి తెల్సు."

"నాకు తెలియదు. నేను పోయిన ప్రతి చోటా ఏదో ఒక తరుగు చెబుతారు. బియ్యానికి పురుగు, పల్లికాయకు ఎండ, నీకు బంక."

నాగప్ప నోరు తడబడింది. ఆ తడబాటు ఆయనకు ఇంకో సాక్ష్యమైంది. బీచుపల్లి అంజన్న ముందు తడిబట్టలతో ప్రమాణం చేస్తానన్నాడు నాగప్ప. ప్రమాణాలకు రసీదు ఉండదన్నాడు వెంకటేశం. రంగుల కొట్టు రెండు వీధుల అవతలే ఉంది, ఆయన అటు పోలేదు. ఒక్క లడి, అంటే ఒక్క చుట్ట పట్టు తెప్పించి ఉడకబెట్టి తూచి ఉంటే పొద్దుగూకేలోపు తేలిపోయే సంగతి. పచ్చిపట్టు పన్నెండు కిలోలు స్వాహా అని రాసి సంతకం పెట్టి మూడున్నర బస్సుకు వెళ్ళిపోయాడు.

మొగుడూ పెళ్ళాం అప్పీలు చేసుకున్నారు. పై ఆఫీసరు వెంకటేశం నివేదిక చదివి అవునన్నాడు. ఆయన పై ఆఫీసరు ఇద్దరి కాగితాలూ చదివి అవునవునన్నాడు. ముగ్గురు అధికారులు చూసి తేల్చారని ఊరంతా చెప్పుకుంది. నిజానికి చూడవలసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ చూడలేదు. అప్పటి సంఘం అధ్యక్షుడు బంక సంగతి తెలిసీ నోరు మెదపలేదు. సంఘానికి వచ్చే బ్యాంకు అప్పు ఆగిపోతుందని ఆయన భయం. నాగప్పను స్టోరు నుంచి తీసేశారు. ఆ పట్టు ఖరీదు ఏడేళ్ళ పాటు అతని దగ్గర విడతలుగా వసూలు చేశారు. అది కూడా సరే అనుకోవచ్చు. పేరుకు మాత్రం తోక తగిలించారు, పన్నెండు కిలోల నాగప్ప అని. అతను గడప దాటడం మానేశాడు. పెళ్ళిళ్ళకు పోడు, చావులకు పోడు. గుంట మగ్గంలో దిగి, గోడవైపు చూస్తూ, ఒక షావుకారుకు చీరలు నేస్తూ కూర్చున్నాడు.

జమ్ములమ్మ కూర్చోలేదు. ఆ వెంకటేశం చేతనే, ఆ కలంతోనే, నా పెనిమిటి దొంగ కాదని రాయించకపోతే నేను రాజోలి ఆడబిడ్డను కాదనుకుంది. నీతీ ధర్మమూ గెలవాలని ఆమె కోరుకోలేదు. ఆయన నలుగురిలో తల వంచుకోవాలి, అది తను కళ్ళారా చూడాలి. కోరికల్లో పెద్ద ఉన్నతమైనదేం కాదు, కానీ ఆమెను నిలబెట్టింది అదే.

అదే సంఘంలో ఊడ్చే పనికి చేరింది. దొంగ పెండ్లామని చాటున అనేవాళ్ళు అన్నారు. చెవిన వేసుకుంది, చీపురు వదల్లేదు. రాత్రిబడిలో చదివి పదో తరగతి గట్టెక్కింది. తరువాత స్టోరు మనిషికి చేతికింద సాయమైంది. అతను హైదరాబాద్ పోయాక ఆ పని ఎలాగూ ఆమే చేస్తోంది కాబట్టి తాళాలు ఆమెకే ఇచ్చారు.

వెంకటేశం రెండు మూడేళ్ళకోసారి వచ్చేవాడు. చాయ అందించేది జమ్ములమ్మే. గ్లాసు బల్ల మీద పెట్టి తలుపు పక్కన నిలబడి ఆయనను చదివేది. ఆయన పద్దులు చదివినదాని కంటే శ్రద్ధగా చదివింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని కళ్ళల్లోకి చూసి మాట్లాడేవాడు చెప్పిన అంకె ఆయనకు వేదం. ఒకసారి గుమస్తా రెండువందల పన్నెండు చీరలని ధీమాగా చెబితే, సారు నూటయాభై దాకా లెక్కపెట్టి, చేతులు దులుపుకుని, రెండువందల పన్నెండే రాశాడు. నిజానికి ఉన్నవి రెండువందల తొమ్మిదే. అదే రోజు నూలు చూసే ముసలాయన భయంతో నీళ్ళు నమిలితే అతని కట్టలు మూడుసార్లు విప్పించాడు. పోయినేడు తప్పు దొరికిన చోటే ఈ ఏడూ తవ్వేవాడు, పక్క గదిలో ఏనుగు ఉన్నా చూసేవాడు కాదు. ఒకసారి మాటల్లో, ఉప్పునుంతలలో ఒక గోదాము మనిషిని ఖరీదైన చెప్పులు చూసే పట్టేశానని గొప్పగా చెప్పుకున్నాడు. జమ్ములమ్మ ఆ మాట గ్లాసుతో పాటు తీసుకుని లోపలికి వెళ్ళింది.

"ఈయనకు కండ్లు లెవ్వు, చెవులే ఉన్నయి" అని మగ్గం దగ్గర నాగప్పకు చెప్పింది ఆ సాయంత్రం.

"పోనీరాదే" అన్నాడు నాగప్ప.

"ఎట్ల పోనిస్త? నువ్వు పోనిస్తవేమో, నేను పోనియ్య."

2024లో ఆమె ఎదురుచూసిన గడియ వచ్చింది. కొత్త అధ్యక్షుడు శివ ఆమె చేతుల్లో పెరిగిన కుర్రాడు, ఆమె మాటంటే గురి. మళ్ళీ పచ్చిపట్టు కొందామని ఆమె అంటే సరేనన్నాడు. అరవై కిలోలు వచ్చింది. ఈసారి ప్రతి విడతా ఉడకబెట్టే ముందు తూచింది, ఎండాక తూచింది. రంగుల కొట్టు వాడితో చీటీ రాయించింది, ఇద్దరు నేతగాళ్ళతో సాక్షి సంతకాలు పెట్టించింది. చీటీలన్నీ ఒక కవరులో పెట్టి శివ బీరువాలో దాచింది. అరవైకి నలభై ఐదున్నర వచ్చింది. ఒక్క పోగు తేడా లేదు, అంతా కడిగిన ముత్యం.

ఇక్కడి దాకా ఏ మంచి ఉద్యోగి అయినా చేస్తాడు. ఆ తరువాత చేసింది జమ్ములమ్మ మాత్రమే చేయగలదు. తన మీద తనే ఒక ఆకాశరామన్న ఉత్తరం రాసింది. ఎడమచేత్తో, వంకర టింకర అక్షరాలతో: పాత దొంగ నాగప్ప పెండ్లాం జమ్ములమ్మ సంఘం పట్టు అమ్ముకుని గాజులు చేయించుకుంది, సారువారు విచారించగలరు. కవరు మీద వెంకటేశం పేరు రాసి పోస్టు డబ్బాలో వేసి, ఇంటికి వచ్చి రెండు జొన్నరొట్టెలు ఎక్కువే తిన్నది.

ఆడిట్ రోజున బజారులో కొన్న గిల్టు గాజులు చేతికి ఆరారు వేసుకుంది. కొత్త చీర కట్టింది. వెంకటేశం గదిలోకి వస్తూనే చూసింది ఆ గాజులనే. ఆయన కళ్ళల్లో ఆడిట్ పూర్తవడం ఆమె కూడా చూసింది.

"నువ్వు ఆ నాగప్ప భార్యవు కదూ?"

"అ... అవును సారూ." తడబాటు కూడా మొగుడి దగ్గర నేర్చుకున్నదే.

"అరవై వచ్చింది, నలభై ఐదున్నర ఉంది. మిగతాది?"

"బంక పోతది సారూ. కిలోకు పావు."

వెంకటేశం నవ్వాడు. "పదకొండేళ్ళయినా కథ మార్చలేదా? ఇంటి విద్య ఎక్కడికి పోతుందిలే."

ఆ మాటకు ఆమె ఒళ్ళంతా భగ్గుమంది. అయినా తమాయించుకుని, అడగవలసింది ఒక్కసారి అడిగింది. "ఒక్క లడి ఉడకబెట్టి చూస్తరా సారూ? పొయ్యి ఈడనే ఉన్నది." అడిగిందే గానీ, ఎక్కడ సరేనంటాడోనని భయపడింది. ఆయన సరేనని ఉంటే పదకొండేళ్ళ పగ ఆ పొయ్యిలోనే బూడిదయ్యేది.

"నాకంత తీరిక లేదు" అన్నాడు వెంకటేశం. పద్నాలుగున్నర కిలోల పచ్చిపట్టు స్వాహా అని రాసి సంతకం పెట్టాడు.

"మంచిది సారూ" అంది జమ్ములమ్మ. ఆ ఒక్క మాట మాత్రం తడబడలేదు.

పదిరోజులకు సంఘం మహాసభ. ఆడిట్ నివేదిక అక్కడ చదవాలి. జిల్లా అధికారి అర్చన మేడమును శివ పట్టుబట్టి పిలిపించాడు. రెండువందల మంది నేతగాళ్ళు వచ్చారు. నాగప్ప రాలేదు. వెంకటేశం లేచి తన నివేదిక చదువుతుంటే, జమ్ములమ్మ వాకిట్లో గ్యాసు పొయ్యి, పెద్ద గిన్నె, సబ్బు, తక్కెడ, కొత్తగా కొని తెచ్చిన పచ్చిపట్టు పెట్టించింది.

"మేడం, సారును ఒక కిలో పచ్చిపట్టు తూయమనుండ్రి. ఆయన చేతులతోనే. ఆయనే ఉడకబెట్టాలె, ఆయనే ఆరెయ్యాలె."

"ఇదేం తమాషా?" అని వెంకటేశం సంచి సర్దుకోబోయాడు. నాకు బస్సు ఉందన్నాడు.

"కూర్చోండి" అంది అర్చన. "బస్సులు చాలా ఉన్నాయి."

పది గంటలకు మొదలైంది. చొక్కా చేతులు మడిచి, చెమటలు కక్కుతూ, రెండువందల మంది చూస్తుండగా వెంకటేశం పట్టు ఉడకబెట్టాడు. నీళ్ళు చిక్కబడి, వాసన వేసి, పసుపుపచ్చగా మారాయి. పట్టు తీసి జాడించి తీగ మీద వేశాడు. గద్వాల ఎండ ఎవరికీ బాకీ ఉంచుకోదు, భోజనాలయ్యేసరికి ఆరిపోయింది. ఆయనే తూచాడు. ఏడువందల యాభై ఐదు గ్రాములు. తక్కెడ మార్చి మళ్ళీ తూచాడు. ఏడువందల యాభై ఐదే.

అప్పుడు శివ కవరు తెరిచి చీటీలు ఒక్కొక్కటే అర్చన ముందు పెట్టాడు. వెంకటేశం ముఖం వాడిపోయింది. జేబులోంచి ఒక కాగితం తీశాడు. "మేడం, నా అంతట నేను అనుమానించలేదు. నాకు ఉత్తరం వచ్చింది."

"అది నేనే రాసిన సారూ, ఎడమచేత్తోని" అంది జమ్ములమ్మ. "ఈ గాజులు గిల్టువి. నోరు తడబడుడు గుడ నాటకమే. బంక సంగతి ఒక్కటే నిజం చెప్పిన. మీరు అబద్ధాలన్ని నమ్మి, ఆ ఒక్కదాన్ని ఇడిచిపెట్టిండ్రు."

సభ గొల్లుమంది. ముందు వరసలో ఒక ముసలాయన కండువా నోట్లో కుక్కుకుని నవ్వాడు. జమ్ములమ్మ నవ్వలేదు. వెంకటేశం వంచుకున్న తలనే చూస్తూ నిలబడింది. కడుపు నిండినట్టయింది. అంత రుచిగల అన్నం ఆమె పుట్టి బుద్ధెరిగి తినలేదు.

ఆ ఉత్తరం నువ్వు రాసి ఉండవలసింది కాదని అర్చన ఆమెను కాస్త మందలించింది. పాత ఫైలు మళ్ళీ తెరుస్తామని, ఆడిటర్ మీద విచారణ వేస్తామని అందరి ముందూ చెప్పింది. వెంకటేశానికి రిటైర్మెంట్ నాలుగు నెలల్లో ఉంది. జమ్ములమ్మకు అదేం పట్టలేదు. తెల్లకాగితం ఆయన ముందు పెట్టింది. తెలుగులో రాయమంది. వెంకటేశం రాశాడు: పట్టు ఉడికితే తరుగుతుంది. నేను పరీక్షించకుండా రాశాను. నాగప్ప దొంగ కాదు. కింద సంతకం, తేదీ.

సంచి భుజాన వేసుకుని వెళ్ళబోతూ ఆమె దగ్గర ఆగాడు. "అమ్మా, నేను ఎవరి దగ్గరా ఒక్క పైసా తినలేదు. అది మాత్రం నమ్ము."

"తింటే బాగుండు సారూ" అంది జమ్ములమ్మ. "తిన్నోనికి భయముంటది. భయమున్నోడు ఇంకోసారి తిరిగి చూస్తడు."

కాగితం కొంగున కట్టుకుని వీధంతా తలెత్తుకుని నడిచింది. ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నాగప్ప మగ్గంలో ఉన్నాడు. ఆమె కాగితం తీసి అతని ముందు, నేస్తున్న చీర మీద పెట్టింది. అతను కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మంచిగ రాసిండు" అన్నాడు. "తప్పు ఒప్పుకుండు. పాపం, ముసలితనంల."

"పాపమా?" అని కస్సుమంది జమ్ములమ్మ. "నిన్ను దొంగన్నోని మీద పాపమా?"

నాగప్ప కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. కాగితం జాగ్రత్తగా మడిచాడు. తరువాత, పోగు తెగిందని చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మ కుట్టిన బొంత నల్లదారంతోని ఉంటుండె. ఆ ఏడు సారు రాసిపోయిన నాలుగోనాడు నేను రంగుల కొట్టుకు పోయొచ్చి చూస్తే, ఒక దిక్కు మూరెడు ఎర్రదారంతోని కుట్టి ఉన్నది. నేతగాన్ని జమ్ములూ. దారం తెల్వదా నాకు?"

ఈ సంగతి జమ్ములమ్మ ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు. నిజమే. మొగుడు ఇంట్లో లేని ఆ పూట ఆమె అటక దించింది. ట్రంకుపెట్టె అడుగు దాకా తీసింది. బియ్యం గుమ్మిలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. చివరికి అత్త కుట్టిన బొంత విప్పి పట్టు కోసం తడిమింది. రాజోలిలో మగ్గం పక్కన పుట్టిన మనిషి, కిలోకు పావు పోతుందని ఉగ్గుపాలతో తెలిసిన మనిషి. అయినా సర్కారు కాగితం మీద పన్నెండు కిలోలని కనిపించేసరికి, తనకు తెలిసినదాని కంటే ఆ అంకెనే నమ్మింది. ఏమీ దొరక్క, సిగ్గుతో చచ్చిపోయి, చేతికి దొరికిన దారంతో గబగబా కుట్టేసింది. ఆ మరునాడే వెంకటేశం మీద పగబట్టింది. పదకొండేళ్ళుగా ఆయనను తిట్టిన తిట్లలో సగం ఎవరికి తగలాలో ఆమెకు తెలుసు.

"పదకొండేండ్లు... ఒక్కనాడన్న అడగలే నువ్వు" అంది.

"ఏమని అడగాలె? ఆయన బయటోడు, ఆయనకు తెల్వదు. నీకు తెల్సు." నాగప్ప మడిచిన కాగితం తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "ఆయన రాసిచ్చిండు. నీదెప్పుడు రాసిస్తవ్?"

వీధి మొదట్లో డప్పు వినిపించింది. శివ, సంఘం వాళ్ళు, నాగప్పను సంఘానికి తీసుకుపోవడానికి పూలదండతో వస్తున్నారు. జమ్ములమ్మా, జమ్ములమ్మా అని ఆమె పేరే అరుస్తూ వస్తున్నారు. నాగప్ప మగ్గంలోంచి లేచి, చొక్కా తొడుక్కుని, ఎదురు వెళ్ళాడు. జమ్ములమ్మ మాత్రం మగ్గం గుంట పక్కన కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది.